పనలు, వెంట్లు, కుప్పలు: జెర్బ్‌ల వర్గీకరణ చరిత్ర

ఇరవయ్యవ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్తలు తమ పారిభాషిక పదాలను కొన్నిటిని పొలం గట్టున ఏరుకున్నారు. 'ఫెసో' అంటే కట్ట. 'జెర్బ్' అంటే కోసి కట్టిన గోధుమ పన. 'లియేఁ' అంటే దానిని బిగించే కట్టు. 'షాఁ' అంటే పొలం. వీటిని ఇంగ్లీషులోకి దింపుకునేటప్పుడు చిక్కు వచ్చింది. 'ఫెసో'కు ఇంగ్లీషువారు 'షీఫ్' అనే మాటను వాడుకున్నారు. షీఫ్ అంటే నిజానికి పనే. తరువాత అసలైన పన వచ్చేసరికి వారి దగ్గర మాట మిగలలేదు. ఫ్రెంచి 'జెర్బ్'నే ఉంచుకున్నారు. పొలానికి సరిపోయే 'ఫీల్డ్' అన్న మాట అప్పటికే బీజగణితంలో మరొక భావానికి స్థిరపడి ఉంది. 1969 నాటి డెలీన్, మమ్‌ఫర్డ్‌ల వ్యాసంలో ఆ పొలం 'స్టాక్' అయింది, అంటే కుప్ప.

తెలుగులో మనకు ఈ కొరత లేదు. కోసిన పైరును వరుసగా పరిస్తే ఓదె, ఓదెలను చేర్చి కడితే పన, పనలను నెత్తికెత్తుకుంటే మోపు, అన్నిటినీ ఒకచోట పేరిస్తే కుప్ప. పనను కట్టడానికి గడ్డిని పేని చేసుకునే తాడు వెంటి. కనుక ఈ వ్యాసంలో జెర్బ్‌ను పన అనీ, లియేఁను వెంటి అనీ, స్టాక్‌ను కుప్ప అనీ వ్యవహరిస్తాను. ఈ మాటలు ఇంత చక్కగా అమరడమే నన్ను ఈ చరిత్ర వ్రాయడానికి పురికొల్పిన మొదటి కారణం.

రెండవ కారణం ఇంతకంటె గంభీరమైనది. ఒకే గడ్డితో ఎన్ని వేరువేరు పనలు కట్టవచ్చునన్నదే ఇక్కడి ప్రశ్న. లెక్కపెట్టాలంటే ముందుగా ఏ రెండింటిని 'ఒకటే' అనాలో తేల్చుకోవాలి. ఆ 'ఒకటే' అన్న మాటకు సరియైన అర్థం తెలుసుకోవడానికి గణితవేత్తలకు దాదాపు ఎనభై సంవత్సరాలు పట్టింది. ఆ ఎనభై సంవత్సరాల కథను, సూత్రాలు లేకుండా, కాని సారం చెడకుండా చెప్పాలని నా ప్రయత్నం.

1. కుంచాల తేడా

దశాంశ పద్ధతి రాకముందు ధాన్యం కొలిచే కుంచం అన్ని ప్రాంతాలలోనూ ఒకటిగా ఉండేది కాదు. మూడు ఊళ్ళను ఊహించుకుందాం. మొదటి ఊరి కుంచానికి రెండవ ఊరి కుంచాలెన్నో, రెండవ ఊరి కుంచానికి మూడవ ఊరి కుంచాలెన్నో, ఇలా ప్రతి జంటకూ ఒక మారకం రేటు ఉంటుంది. మొదటి ఊరి నుండి బయలుదేరి, రెండవ, మూడవ ఊళ్ళ లెక్కల్లోకి మార్చుకుంటూ తిరిగి మొదటి ఊరి లెక్కకు వస్తే, మొదట ఎంత ధాన్యం ఉందో అంతే తేలాలి. అలా తేలితే రేట్లు పొసిగినట్టు. ఊళ్ళకు బదులు ఒక అంతరాళంలోని ప్రాంతాలను, కుంచాలకు బదులు ఒక్కొక్క ప్రాంతంలో రేఖను కొలిచే ప్రమాణాన్ని తీసుకుంటే, ఈ పొసిగిన రేట్ల పట్టీయే రేఖాపుంజం, అంటే లైన్ బండిల్.

ఇప్పుడు మరొక మెట్టు పైకి వెళదాం. ప్రతి మూడు ఊళ్ళ చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎంత తేడా పడుతుందో వ్రాసిన పట్టీ ఒకటి మన చేతికి వచ్చిందనుకుందాం. రేట్ల పట్టీ మాత్రం ఎవరి దగ్గరా లేదు. తేడాల పట్టీలో పొంతన ఉంది: ఏ నాలుగు ఊళ్ళను తీసుకున్నా, వాటి నడుమ ఏర్పడే నాలుగు ముక్కోణాల తేడాలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. ఈ తేడాలను పుట్టించగల రేట్లు అసలు ఉన్నాయా? ఉన్నట్లయితే అది వట్టి పన, విప్పితే విడిపోతుంది. లేనట్లయితే అది గట్టి పన. రెండు పట్టీల మధ్య వ్యత్యాసాన్ని ఏవైనా రేట్లు వివరించగలిగితే ఆ రెండు పనలూ ఒకటే.

ఇందులోని సూక్ష్మాన్ని గమనించాలి. ఒక ప్రమేయాన్ని ముక్కలుగా ఇచ్చినప్పుడు, రెండు ముక్కలు కలిసే చోట విలువలు సమానం కావాలి. రేఖాపుంజానికి రెండు కలిసే చోట సమానత అక్కరలేదు, ఒక మార్పిడి చాలు. మూడు కలిసే చోట మాత్రం సమానత కావాలి. పనకు మూడు కలిసే చోట కూడ మార్పిడియే. నాలుగు కలిసే చోటికి గాని సమానత రాదు. ఒక్కొక్క మెట్టు ఎక్కినప్పుడల్లా సమానత ఒక్కొక్క వాయిదా పడుతుంది. వాయిదా వేసినదానిని మరచిపోకుండా జాగ్రత్తగా లెక్క వ్రాసుకోవడమే ఉన్నత కేటగిరీల విద్య.

శాస్త్రీయంగా పనకు నిర్వచనం చిన్నదే. పన అనేది ఒక రకమైన కుప్ప. ప్రతి బిందువు పరిసరంలోనూ అందులో వస్తువు ఒకటైనా ఉంటుంది. ఏ రెండు వస్తువులను తీసుకున్నా తగినంత చిన్న పరిసరంలో అవి తుల్యాలు. అయినా మొత్తం అంతరాళం మీద ఒక్క వస్తువైనా లేకపోవచ్చు. చిక్కంతా ఈ చివరి వాక్యంలో ఉంది.

2. ష్రైయర్ ప్రశ్న

పన అన్న పేరు పుట్టకముందే ఈ ప్రశ్న వేరే వేషంలో వచ్చింది. వియన్నాలో పుట్టి హాంబర్గులో పనిచేసిన ఆటో ష్రైయర్ 1926లో సమూహాల విస్తరణను గురించి వ్యాసం ప్రచురించారు. లోపల ఒక సమూహం, పైన ఒక సమూహం ఇస్తే, ఆ రెండింటినీ కలిపి ఎన్ని విధాల పెద్ద సమూహాన్ని కట్టవచ్చు?

లోపల మూడు సభ్యుల సమూహం, పైన రెండు సభ్యుల సమూహం ఉన్నాయనుకుందాం. రెండే విధాలు. ఒకటి ఆరు సభ్యుల చక్రీయ సమూహం. రెండవది సమబాహు త్రిభుజపు సౌష్ఠవాల సమూహం. రెండవదానిలో పై సభ్యుడు లోపలి మూడింటినీ తిరగవేస్తాడు. ఈ తేడాను మలుపు అందాం. ఇప్పుడు లోపల రెండు, పైన రెండు సభ్యులున్నారనుకుందాం. ఇక్కడ కూడ రెండే విధాలు, కాని కారణం వేరు. రెండు సభ్యుల సమూహాన్ని తిరగవేయడానికి వీలు లేదు. తేడా అంతా కూడికలో 'చేతిలో ఒకటి' ఉంచుకునే దగ్గర ఉంది. పైనున్న ఒకటికి ఒకటి కలిపినప్పుడు చేతిలోని ఒకటి లోపలికి దిగితే నాలుగు సభ్యుల చక్రీయ సమూహం వస్తుంది. దిగకపోతే రెండు విడివిడి జంటలు వస్తాయి. దీనిని మిగులు అందాం. చిన్నప్పుడు పలక మీద చేసిన కూడికలో మనం ఉంచుకున్న ఆ మిగులే, పండితుల భాషలో, కోసైకిల్.

మలుపు, మిగులు అనే ఈ రెండింటినీ పాఠకులు గుర్తుంచుకోవాలి. తక్కిన కథంతా ఈ రెండింటినీ ఒకచోట చూడగలగడం ఎలాగన్నదే.

ష్రైయర్ 1929లో, ఇరవై ఎనిమిదవ యేట, రక్తం విషపూరితమై మరణించారు. ఆయన ప్రశ్న మాత్రం బ్రతికింది. 1941లో సాండర్స్ మెక్‌లేన్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో సమూహాల విస్తరణలపై ఉపన్యాసాలిచ్చారు. 1939లో వార్సా విడిచి అమెరికా చేరిన శామ్యూల్ ఐలెన్‌బర్గ్ అది విని, ఈ లెక్కనే టోపాలజీలో సోలినాయిడ్ అనే విచిత్రమైన ఆకృతి విషయంలో చూశామని గుర్తించారు. బీజగణితపు మిగులూ ఆకృతులలోని రంధ్రాల లెక్కా ఒకటి కావడమేమిటి? ఆ ఆశ్చర్యం నుండి 1942లో ఇద్దరి తొలి ఉమ్మడి వ్యాసమూ, 1945లో కేటగిరీ సిద్ధాంతమూ పుట్టాయి. ఈనాడు పనలను వర్గీకరించే పనిముట్టయిన కేటగిరీ భాష, పనలకు పూర్వరూపమైన విస్తరణల ప్రశ్న నుండే పుట్టిందన్నమాట.

1947లో వారు మరొక విషయం చూపించారు. మలుపు ఇచ్చినంత మాత్రాన మిగులు దొరుకుతుందన్న పూచీ లేదు. కొన్ని మలుపులకు విస్తరణే ఉండదు. ఆ అడ్డంకి మూడవ కోహోమాలజీలో, లోపలి సమూహపు కేంద్రం గుణకంగా, ఒక మూలకమై కూర్చుని ఉంటుంది. కేంద్రమంటే అందరితోనూ వినిమయం చెందే సభ్యుల సముదాయం.

3. గోళం మీద లెక్క

ఆ ఇద్దరే 1940లలో కొన్ని విశేషమైన అంతరాళాలను పరిచయం చేశారు. సాధారణంగా ఒక అంతరాళానికి ఒక్కొక్క పరిమాణంలో ఒక్కొక్క హోమోటోపీ సమూహం ఉంటుంది. ఐలెన్‌బర్గ్-మెక్‌లేన్ అంతరాళానికి ఏదో ఒక్క పరిమాణంలో మాత్రమే ఉంటుంది. తక్కిన చోట్ల శూన్యం. వీటి మహిమ ఏమిటంటే, ఏ అంతరాళం నుండైనా వీటిలోకి గీసిన అవిచ్ఛిన్న ప్రమేయాలను, మెల్లగా ఒకదానిని మరొకదానిగా సాగదీయగలిగినవన్నీ ఒకటే అనుకొని లెక్కపెడితే, కోహోమాలజీ వస్తుంది. వర్గీకరణ అంతరాళమంటే ఇదే. అన్ని నమూనాలూ అందులో ఉంటాయి. మన వస్తువు ఏ నమూనాదో చెప్పడానికి అందులోకి ఒక ప్రమేయం గీస్తే చాలు.

పూర్ణసంఖ్యల సమూహాన్ని రెండవ పరిమాణంలో ఉంచితే వచ్చే అంతరాళం రేఖాపుంజాలను వర్గీకరిస్తుంది. మూడవ పరిమాణంలో ఉంచితే వచ్చేది, వృత్తసమూహం వెంటిగా గల పనలను వర్గీకరిస్తుంది. ఈ మూడవ మెట్టు తరగతి ఆపరేటర్ల బీజగణితాల వేషంలో 1963లో డిక్స్‌మియే, డువాడీల వ్యాసంలో కనిపించింది. అది పనల తరగతిగా రేఖాగణితంలో ప్రచారం పొందడానికి జాఁ-లూక్ బ్రిలిన్స్కీ 1993 గ్రంథమూ, మైకేల్ మరే 1996 వ్యాసమూ ముఖ్య కారణాలు.

ఉదాహరణ ఒకటి చూస్తే భయం పోతుంది. బంతి ఉపరితలాన్ని రెండు అర్ధగోళాలుగా కోద్దాం. ఒక్కొక్క అర్ధగోళం మీద రేఖాపుంజంలో విశేషమేమీ లేదు. రెండూ కలిసే భూమధ్యరేఖ ఒక వృత్తం. దాని చుట్టూ తిరిగి వచ్చేలోగా అతుకు ఎన్ని చుట్లు తిరిగిందో ఆ పూర్ణసంఖ్యయే రేఖాపుంజపు చిరునామా. పాల్ డిరాక్ 1931లో, ఏకధ్రువ అయస్కాంతం అంటూ ఉంటే దాని ఆవేశం ఒక ప్రమాణానికి పూర్ణసంఖ్యా గుణిజంగానే ఉండాలని చూపినప్పుడు, ఆయన చేతిలో ఉన్నది ఈ సంఖ్యయే.

ఇప్పుడు ఒక పరిమాణం పెంచుదాం. త్రిపరిమాణ గోళాన్ని రెండు సగాలు చేస్తే, ఆ సగాలు కలిసే చోటు వృత్తం కాదు, ఇంతకుముందు చూసిన బంతి ఉపరితలం. దాని మీద ఒక రేఖాపుంజాన్ని అతుకుగా వాడుదాం. దాని చిరునామా అయిన పూర్ణసంఖ్యయే ఇప్పుడు పన చిరునామా అవుతుంది. క్రింది మెట్టు వస్తువు పై మెట్టు వస్తువుకు అతుకు అయింది. త్రిపరిమాణ గోళం మీద ఇటువంటి పనలు ఎన్ని? పూర్ణసంఖ్యలు ఎన్నో అన్ని. తీగల సిద్ధాంతంలో భౌతికవేత్తలు లెక్కపెట్టే మూడవ తరగతి అభివాహం కూడ ఈ పూర్ణసంఖ్యయే.

4. జిరో వెంటి

ఇంతవరకు చూసిన పనలలో లోపలి సమూహం వినిమయ సమూహం. వినిమయం పోతే ఏమవుతుంది?

అలెగ్జాండర్ గ్రోతెన్‌డీక్ 1955లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు, షీఫ్ నిర్మాణం గల తంతు అంతరాళాల మీద ఒక నివేదిక వ్రాశారు. మొదటి కోహోమాలజీ వరకు వినిమయం లేని సమూహాలతో కూడ బండి నడుస్తుందని అందులో చూడవచ్చు. రెండవదాని దగ్గర ఆగిపోతుంది. నాలుగు ముక్కోణాల తేడాలు కొట్టివేసుకోవాలన్నాము గదా. ఏ వరుసలో గుణించాలో తెలియనప్పుడు కొట్టివేసుకోవడమన్న మాటకే అర్థం ఉండదు.

గ్రోతెన్‌డీక్ శిష్యుడు జాఁ జిరో దీనికి చూపిన దారి గురువుగారి ధోరణికి తగినట్టే ఉంది: పట్టీని వదిలిపెట్టి వస్తువును పట్టుకో. తేడాల పట్టీ నుండి పనను తయారుచేయవద్దు; పననే మొదటి వస్తువుగా తీసుకొని, పనల తుల్యతా తరగతుల సమితికే రెండవ కోహోమాలజీ అని పేరు పెట్టు. జిరో గ్రంథం 'వినిమయం లేని కోహోమాలజీ' అన్న అర్థం గల పేరుతో 1971లో వెలువడింది.

ఈ దారి ఎందుకు సహజమో ఒక ఉదాహరణ చెబుతుంది. 1843లో హామిల్టన్ కనుగొన్న క్వాటర్నియన్లు సంకీర్ణ సంఖ్యల దాకా వెళ్ళి చూస్తే రెండు వరుసల మాత్రికలే. వాస్తవ సంఖ్యల దగ్గర నిలబడి చూస్తే కావు. 'వీటిని మాత్రికలుగా ఎలా చూడాలి?' అన్న ప్రశ్నకు జవాబులన్నీ కలిసి వాస్తవ సంఖ్యల మీద ఒక పన. చిన్న పరిసరానికి సమానమైన సంకీర్ణ సంఖ్యల దగ్గర జవాబుంది, మొత్తానికి లేదు. ఈ జాతి పనలు వాస్తవ సంఖ్యల మీద సరిగ్గా రెండే, వట్టిది ఒకటి, హామిల్టన్‌ది ఒకటి.

మరి వినిమయం లేనప్పుడు వెంటి ఏది? పనలోని ఒక వస్తువును తీసుకొని దాని స్వయంతుల్యరూపతలను లెక్కిస్తే ఒక సమూహం వస్తుంది. పక్క ప్రాంతంలో వేరొక వస్తువును తీసుకుంటే వేరొక సమూహం. రెండూ తుల్యాలే గాని, ఏ తుల్యతతో పోల్చాలన్నదానిలో సందిగ్ధం ఉంది. ఆ సందిగ్ధం అంతర స్వయంతుల్యరూపతల మేర ఉంటుంది, అంటే సమూహం తనను తానే ఒక సభ్యునితో అటునిటు చుట్టుకోవడం వల్ల వచ్చే మార్పుల మేర. జిరో ఆ మార్పులను లెక్కలోంచి తీసివేశారు. తీసివేయగా మిగిలిన, సమూహం కాని సమూహచ్ఛాయయే వెంటి.

జిరో సాధించిన ఫలితం ఇది. ఒక వెంటిని ఇస్తే, దానితో కట్టిన పన ఒక్కటీ లేకపోవచ్చు. ఉండకుండా చేసే అడ్డంకి మూడవ కోహోమాలజీలో ఉంటుంది. ఒక్కటి ఉంటే మాత్రం, తక్కినవన్నీ దానిని వెంటి కేంద్రపు రెండవ కోహోమాలజీతో కదిలిస్తే వస్తాయి. 1947 నాటి ఫలితానికి ఇది విశ్వరూపం. వెంటి అంటే మలుపు, కదిలించేది మిగులు.

అయినా ఈ సిద్ధాంతానికి ఒక ఇబ్బంది ఉండిపోయింది. ఒక సమూహం నుండి మరొక సమూహానికి ప్రమేయం ఉన్నంత మాత్రాన మొదటిదాని పనలు రెండవదాని పనలుగా మారవు. కేంద్రం కేంద్రంలోకి పోదు, స్వయంతుల్యరూపతలు వెంట రావు. కోహోమాలజీ అని పేరు పెట్టుకున్నదానికి ఉండవలసిన మొదటి మర్యాదయే ఇందులో లోపించింది. లోపం పనలో ఉందా, వెంటిలో ఉందా?

5. మద్రాసులో పుట్టినవాడు

జవాబుకు కావలసిన సామగ్రి అప్పటికే మరొక చోట ఉంది. జె.హెచ్.సి. వైట్‌హెడ్ 1904లో మద్రాసులో పుట్టారు. తండ్రి హెన్రీ వైట్‌హెడ్ మద్రాసు బిషప్పు. దక్షిణ భారత గ్రామదేవతలపై ఆయన వ్రాసిన పుస్తకంలో తెలుగు ప్రాంతపు జాతరల వర్ణన ఉన్నది కనుక, ఆ పేరు మన పాఠకులలో కొందరికైనా పరిచితమే. తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ హెన్రీకి తమ్ముడు. పసితనంలోనే ఇంగ్లండు చేరిన ఆ మద్రాసు బిడ్డ 1940లలో 'క్రాస్డ్ మాడ్యూల్' అనే భావాన్ని కల్పించారు. రెండు సమూహాలు, ఒకదాని నుండి రెండవదానికి ఒక ప్రమేయం, రెండవది మొదటిదానిని తిప్పే విధానం – ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. సమూహం, దాని స్వయంతుల్యరూపతలు కలిస్తే ఇందుకు సహజమైన ఉదాహరణ. వినిమయం లేని రెండవ కోహోమాలజీకి క్రాస్డ్ మాడ్యూళ్ళే గుణకాలు కావాలని 1960ల తొలి రోజులలో పాల్ డెడెకర్ వాదించారు.

గ్రోతెన్‌డీక్ 1970లో తన సంస్థను విడిచిపెట్టారు; ఆ సంస్థకు సైనిక శాఖ నుండి డబ్బు రావడం అందుకు ఆయన చెప్పిన కారణం. గణితలోకానికి దూరమైనా ఉత్తరాలు మానలేదు. 1975లో లారెన్స్ బ్రీన్‌కు వ్రాసిన ఉత్తరాలలో, పనలకూ కుప్పలకూ పై మెట్లు ఉండాలనీ, ఆ మెట్లకూ హోమోటోపీకీ ఒకే మూలమనీ సూచించారు. 1983 ఫిబ్రవరిలో డేనియల్ క్విలెన్‌కు ఉత్తరంగా మొదలుపెట్టినది పెరిగి పెరిగి ఆరువందల పుటల వ్రాతప్రతి అయింది. 'కుప్పల వెంట' అని దాని పేరును తెలుగు చేయవచ్చు. అచ్చుకాకుండానే నకళ్ళుగా చేతులు మారింది.

బ్రీన్ తనకు అందిన సూచనను పనిగా మార్చారు. 1990లో వినిమయం లేని కోహోమాలజీ మీద, 1994లో రెండవ మెట్టు పనల వర్గీకరణ మీద ఆయన రచనలు వెలువడ్డాయి. వాటి సారం ఇలా చెప్పుకోవచ్చు. జిరో లెక్కలోంచి తీసివేసిన అంతర స్వయంతుల్యరూపతలను తీసివేయవద్దు. పై అంతస్తులో భద్రపరచుకో. క్రింది అంతస్తులో స్వయంతుల్యరూపతలు, పై అంతస్తులో వాటిని ఒకదానినుండి ఒకదానికి తీసుకుపోయే చుట్టివేతలు. ఈ రెండంతస్తుల సమూహానికి కూడ వర్గీకరణ అంతరాళం ఉంది. పనలను వర్గీకరించేది అదే.

ఆ అంతరాళానికి రెండే హోమోటోపీ సమూహాలు. మొదటి పరిమాణంలో బాహ్య స్వయంతుల్యరూపతలు, అంటే మలుపులు. రెండవ పరిమాణంలో కేంద్రం, అంటే మిగులు. ష్రైయర్ నాటి రెండు దినుసులూ ఒకే అంతరాళంలో రెండు పరిమాణాలై కనిపించాయి.

దీని ప్రయోజనం వెంటనే చూడవచ్చు. మూడు వస్తువుల ప్రస్తారాల సమూహానికి ఒక్కడే ఉన్న కేంద్రం. బాహ్య స్వయంతుల్యరూపతలు లేవు. రెండు పరిమాణాలూ శూన్యం. కనుక ఆ సమూహంతో కట్టిన పన ఏ అంతరాళం మీదనైనా వట్టి పనే. నాలుగు, అయిదు, ఏడు వస్తువుల ప్రస్తారాలకూ ఇంతే. ఆరు దగ్గర మాత్రం వింత ఉంది. ఆరు వస్తువుల ప్రస్తారాల సమూహానికి ఒక బాహ్య మలుపు ఉన్నదని 1895లో హోల్డర్ చూపించారు. కేంద్రం శూన్యమే. కనుక దానితో కట్టిన పనలు ఒక అంతరాళం మీద ఎన్నంటే, ఆ అంతరాళానికి రెండు పొరల కప్పులు ఎన్ని ఉన్నాయో అన్ని. వృత్తం మీద రెండు. గోళం మీద ఒక్కటి. వెంటి భాషలో పుటలు నింపే లెక్క ఇక్కడ రెండు వాక్యాలలో తేలింది.

6. జార్డిన్ మూట

ఇంకొక చిక్కు మిగిలింది. పై లెక్క ఒక సమూహాన్ని ముందుగా ఎంచుకొని చేసినది. జిరో పనలలో చోటును బట్టి సమూహమే మారుతూ ఉంటుంది. పైగా అవి సాధారణ అంతరాళాల మీద కాక, గ్రోతెన్‌డీక్ టోపోస్‌ల మీద ఉంటాయి. అక్కడ 'మెల్లగా సాగదీయడం' అంటే ఏమిటి?

దీనికి పనిముట్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. క్విలెన్ 1967లో, బిందువులూ దూరాలూ లేనిచోట కూడ హోమోటోపీ చేయడానికి వలసిన నియమాలను ఏర్పరచారు. కెన్నెత్ బ్రౌన్ 1973లో షీఫ్‌ల కోహోమాలజీకి హోమోటోపీ భాష తొడిగారు. ఆంద్రే జోయాల్ 1984లో గ్రోతెన్‌డీక్‌కు వ్రాసిన ఉత్తరంలో, సింప్లీషియల్ షీఫ్‌లకు క్విలెన్ నియమాలన్నీ వర్తిస్తాయని చూపారు. జె.ఎఫ్. జార్డిన్ 1987లో దానిని మరింత సుకరమైన రూపంలోకి తెచ్చారు.

పనల వర్గీకరణ మీద జార్డిన్ వ్యాసం 2006లో బయటికి వచ్చింది. ఆయన ఒక సమూహాన్ని ఎంచుకోలేదు. సమూహాల షీఫ్‌లన్నిటినీ, వాటి మధ్య తుల్యరూపతలనూ, ఆ తుల్యరూపతల మధ్య చుట్టివేతలనూ ఒకే మూటగా కట్టారు. ఒక బిందువు నుండి ఆ మూట వర్గీకరణ అంతరాళానికి హోమోటోపీ లోకంలో ఎన్ని బాణాలున్నాయో, పనలు అన్ని. బాణమంటే కూడ తిన్నని బాణం కాదు. బిందువుతో స్థానికంగా తుల్యమైన ఒక మధ్యవర్తిని పెట్టుకొని, దాని మీదుగా చేసే ప్రయాణం. ఆ మధ్యవర్తియే కోసైకిల్. ఊళ్ళ పట్టీ ఈ రూపంలో తిరిగి వచ్చింది.

మరి జిరో వెంటి? ఆ మూటలోని పై అంతస్తును నలిపివేస్తే వచ్చే నీడ మీద వెంటి ఒక బిందువు. మూట నుండి నీడకు ఒక ప్రమేయం ఉంది. ఆ బిందువు మీద నిలిచిన పోగును తీసుకుంటే, ఆ వెంటి గల పనలు సరిగ్గా వస్తాయి. పోగు శూన్యం కావచ్చు, అది అడ్డంకి. శూన్యం కాకపోతే కేంద్రపు కోహోమాలజీ దానిని కదిలిస్తుంది. జిరో ఫలితాలన్నీ నిజాలే. అయితే అవి ఒక పెద్ద వస్తువును పోగులు పోగులుగా కోసి చూడటం వల్ల వచ్చిన నిజాలు. పోగు నుండి పోగుకు ప్రమేయాలు లేకపోవడంలో వింత లేదు. లోపం పనలో లేదు, వెంటితోనే లెక్కపెట్టాలన్న పట్టుదలలో ఉంది.

ఆపైన దారి విశాలమైంది. జేకబ్ లూరీ 2009లో ప్రచురించిన ఉన్నత టోపోస్ గ్రంథంలో అన్ని మెట్ల పనలకూ చోటు కల్పించారు. నికొలౌస్, ష్రైబర్, స్టీవెన్‌సన్‌లు 2012లో వెలువరించిన వ్యాసాలలో ఇదే సూత్రాన్ని అన్ని మెట్లకూ ఒకే ఊపున వర్తింపజేశారు.

7. ఇంత అవసరమా?

ఈ చరిత్ర చదివేవారికి ఒక సందేహం రావడం న్యాయమే. మలుపు, మిగులు అనే రెండు దినుసులు 1926లోనే తెలుసు. వాటిని ఒక మూటలో కట్టడానికి ఇంత యంత్రాంగమా?

నా అభిప్రాయం చెబుతాను. యంత్రాంగం కొత్త పనలను కనిపెట్టలేదు. పాత లెక్కలలో ఏదీ తప్పని తేల్చలేదు. అది చేసినది ఒక్కటే. ఎక్కడెక్కడ మనం రెండింటిని 'ఒకటే' అని తొందరపడి కలిపివేశామో అక్కడక్కడ ఆగి, 'ఏ విధంగా ఒకటి?' అని అడిగి, ఆ జవాబును కూడ లెక్కలో వ్రాయించింది. జిరో గ్రంథంలో లోపమనిపించినది ఆ ఒక్క పద్దు వ్రాయకపోవడం వల్ల వచ్చినదని తెలియడానికి ముప్ఫై అయిదు సంవత్సరాలు పట్టింది. అలాగని జిరోది తక్కువ పని కాదు. పట్టీని వదిలి వస్తువును పట్టుకొమ్మని ఆయన చెప్పి ఉండకపోతే, వర్గీకరించడానికి వస్తువే ఉండేది కాదు.

మనుషుల సంగతి కూడ నన్ను ఆలోచింపజేస్తుంది. ప్రశ్న వేసినవారు ఇరవై ఎనిమిదేళ్ళకు పోయారు. జిరో 2007లో కన్నుమూశారు. వాస్తుప్రణాళిక గీసిన గ్రోతెన్‌డీక్ 2014లో పిరెనీస్ కొండల దగ్గర, లోకానికి దూరంగా మరణించారు. ఏ ఒక్కరూ మొత్తాన్ని కట్టలేదు. ఒకరు కోశారు, ఒకరు ఓదె పరిచారు, ఒకరు వెంటి పేనారు, ఒకరు కుప్ప వేశారు. ఒక ఉత్తరం, ఒక నకలు ప్రతి, ఒక ఉపన్యాసంలో శ్రోతకు కలిగిన అనుమానం – వీటి మీదుగా పని చేతులు మారింది.

చివరగా మాటల సంగతి. 'షాఁ' అంటే పొలమని, దానిని ఇంగ్లీషువారి వెంట నేనూ కుప్ప అన్నానని చెప్పాను. ఫ్రెంచి మూలానికి దగ్గరగా పొలం అనో చేను అనో అంటే బాగుండునేమో. చేనులో నుండి పన రావడం సహజం గదా. ఓదె అన్న మాటకు ఈ గణితంలో ఇంకా పని కల్పించవలసి ఉంది. కోతల పనులు దగ్గరగా ఎరిగిన పాఠకులు తమ ప్రాంతపు మాటలతో ఈ పట్టీని సవరిస్తే సంతోషిస్తాను.